హైదరాబాద్ వదిలి తెనాలి వెళ్లాలంటే

చదువు కోసమో ఉద్యోగం కోసమో హైదరాబాద్ వచ్చి, పదిహేనేళ్లుగా కొండాపూర్, గచ్చిబౌలి చుట్టూ తిరిగిన వాళ్ల ఇళ్లలో ‘ఇక చాలు, ఊరెళ్లిపోదాం’ అన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. ఈ కోరిక చాలామందిలో 2020 మార్చిలో బలపడింది. లాక్‌డౌన్ పెట్టగానే ల్యాప్‌టాప్ సర్దుకుని భీమవరం, తెనాలి, కరీంనగర్, సిద్దిపేట చేరినవాళ్లు అక్కడినుంచే పని చేశారు. జీతం ఆగలేదు, పనీ ఆగలేదు. మధ్యాహ్నం అమ్మ చేతి అన్నం తిన్నారు, సాయంత్రం పిల్లల్ని తాతయ్యతో కాలవ గట్టుకు పంపారు. తర్వాత కంపెనీలు ఒక్కొక్కటే వెనక్కి పిలిచాయి. టీసీఎస్ 2023 అక్టోబరు నుంచి వారంలో అయిదు రోజులూ ఆఫీసుకు రావాలంది. వెనక్కి వచ్చారు గానీ, రుచి చూసిన జీవితాన్ని మర్చిపోలేకపోతున్నారు.

ఆ కోరిక పక్షాన నిలబడే ఈ వ్యాసం రాస్తున్నాను. రోజుకు రెండు మూడు గంటలు ట్రాఫిక్‌లో పోగొట్టుకుంటూ, కన్నవాళ్లు ముసలివాళ్లవుతుంటే వీడియో కాల్‌లో చూసుకోవడం ఎవరికీ గొప్ప జీవితం కాదు. అయితే చిన్న ఊరు చవక కాబట్టి బతికేయొచ్చన్న నమ్మకంతో వెళ్లినవాళ్లు ఇబ్బంది పడతారు. చిన్న ఊరు ముఖ్యంగా ఇచ్చేవి తీరిక, మనుషులు. డబ్బు మిగలడం ఆ తర్వాతి సంగతి. అక్కడ చేయడానికి ఒక పని, ఎంతోకొంత రాబడి ఉన్నప్పుడే ఆ తీరిక నిలుస్తుంది. తెనాలిని ఉదాహరణగా తీసుకుని ఈ సంగతి నిదానంగా చూద్దాం.

ముందు ఇంటి ఖర్చు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఒక ఇంటిని ఊహించుకుందాం. కొండాపూర్‌లో అద్దె, మెయింటెనెన్స్ కలిపి 38 వేలు. బడి ఫీజులు నెలకు సర్దితే 25 వేలు. సరుకులు, పాలు, కూరలు 22 వేలు. పనిమనిషి, పెట్రోలు, క్యాబులు 15 వేలు. బయట తిండి, మాల్, సినిమా మరో 15 వేలు. కారు ఈఎంఐ 14 వేలు. మొత్తం 1,29,000. అదే కుటుంబం తెనాలి వస్తే అద్దె 14 వేలకు, ఫీజులు 14 వేలకు, రాకపోకలు, పనిమనిషి ఖర్చు 7 వేలకు, షికార్లు 5 వేలకు దిగాయనుకుందాం. సరుకులు 20 వేల దగ్గరే ఆగుతాయి. కందిపప్పు, నూనె, గ్యాస్ సిలిండర్ తెనాలిలో సగం ధరకు రావు. కారు ఈఎంఐ ఒక్క రూపాయి తగ్గదు. ఇక్కడికి 74 వేలు.

ఇప్పుడు కొత్తగా వచ్చిపడేవి చూడండి. ఇంతకుముందు కంపెనీ కట్టిన ఆరోగ్య బీమా ఇక మనమే కట్టుకోవాలి, నెలకు 6 వేలు వేసుకుందాం. హైదరాబాద్ పనులకు వెళ్లిరావడానికి 6 వేలు. ఊళ్లో ఉన్నాక పెళ్లి, సీమంతం, గృహప్రవేశం, పెద్దకర్మ ఏదీ తప్పించుకోలేం. చదివింపులకు, బట్టలకు సగటున 5 వేలు. లెక్క 91 వేలకు చేరింది. అంటే ఈ ఇంటికి మిగిలేది నెలకు 38 వేలు. తక్కువేం కాదు. కానీ ఇద్దరి జీతం కలిపి రెండు లక్షలు వచ్చే ఇల్లు ఆ జీతాన్ని వదులుకుంటే ఈ 38 వేలు దాన్ని పూడ్చవు. అంకెలు మీ ఇంటివి వేసుకోండి. వరస మాత్రం దాదాపు ఇలాగే ఉంటుంది: అద్దె, ఫీజులు, తిరుగుడు తగ్గుతాయి, మిగతావి తగ్గవు.

దాచిన డబ్బు మీద బతకొచ్చు కదా అని అడుగుతారు. ఏడాది ఖర్చుకు పాతిక రెట్లు ఉంటే ఉద్యోగం మానేయొచ్చని యూట్యూబ్‌లో తరచూ చెప్తుంటారు. ఆ సూత్రం అమెరికాది. విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో అక్కడి మార్కెట్ చరిత్ర చూసి, దాచినదాంట్లో మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, తర్వాత ధరలను బట్టి పెంచుకుంటూ పోతే 30 ఏళ్లు సరిపోతుందన్నాడు. నలభై ఏళ్లకు ఉద్యోగం మానేసినవాడికి 30 ఏళ్లు చాలవు, 45 ఏళ్లు కావాలి. పైగా ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఖర్చు 12 ఏళ్లలో రెట్టింపవుతుంది. అందుకే మన దగ్గర కనీసం 33 రెట్లు అనుకోవడం మంచిది. మన ఉదాహరణలో ఏడాది ఖర్చు 10 లక్షల 92 వేలు, దానికి 33 రెట్లు అంటే 3 కోట్ల 60 లక్షలు.

ఇక్కడే గమనించాల్సిన విషయం ఉంది. ఆ కుటుంబం తెనాలిలో నెలకు 60 వేలు సంపాదించగలిగితే లోటు 31 వేలే. ఆ లోటుకు 33 రెట్లు సుమారు 1 కోటి 23 లక్షలు. ఒక మోస్తరు రాబడి ఉంటే చాలు, దాచాల్సిన మొత్తం మూడో వంతుకు దిగిపోయింది. కాబట్టి ‘ఎన్ని కోట్లు ఉంటే మానేయొచ్చు’ అని తలపట్టుకోవడం కన్నా ‘అక్కడ నేను ఏం పని చేస్తాను’ అని ఆలోచించడం మేలు.

ఈ విషయంలో అందరూ సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబును చూపిస్తారు. ఆయన 2019లో కాలిఫోర్నియా నుంచి తమిళనాడులో తెన్‌కాశి దగ్గరి మత్తళంపారై అనే పల్లెకు వచ్చేశారు. నిజమే, స్ఫూర్తినిచ్చే పనే. కానీ ఆయన ఉద్యోగం వదిలి రాలేదు, కంపెనీని వెంట తెచ్చుకున్నారు. తెన్‌కాశిలో జోహో ఆఫీసు అంతకు చాలా ఏళ్ల ముందే ఉంది. మన దగ్గర రేణిగుంటలోనూ ఆ కంపెనీ ఆఫీసు పెట్టింది. తెలంగాణలో కరీంనగర్, ఖమ్మంలో 2020లో, మహబూబ్‌నగర్, సిద్దిపేట, నిజామాబాద్‌లో 2023లో ఐటీ టవర్లు తెరిచారు. అయితే టవర్ కట్టినంత మాత్రాన పదిహేనేళ్ల అనుభవానికి తగిన ఉద్యోగం అందులో ఉంటుందని కాదు. మీరు చేసే పని అక్కడ దొరుకుతుందా, దొరికితే జీతం ఎంత అని ముందే ఆరా తీయాలి. ఇంటినుంచి పని చేసే ఒప్పందం ఉంటే అది మేనేజర్ నోటిమాటగా కాక ఆఫర్ లెటర్‌లో రాతపూర్వకంగా ఉండాలి. మేనేజర్ మారిన రోజున నోటిమాట మిగలదు.

ఇంటినుంచి పని అంటే కరెంటు, ఇంటర్నెట్ సంగతి కూడా. వేసవిలో మరమ్మతుల కోసం లైన్‌మన్లు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటే పొద్దున తొమ్మిదికి పోయిన కరెంటు మధ్యాహ్నం దాకా రాకపోవచ్చు. అమెరికా క్లయింటుతో మాట్లాడుతుంటే వీధిలో డ్రైనేజీ తవ్వే పొక్లెయిన్ ఫైబర్ తీగ తెంపుతుంది. కేబుల్ కుర్రాడు వచ్చి జాయింట్ వేసేసరికి సాయంత్రం. అందుకే అక్కడ పని చేసేవాళ్లు రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లు, పెద్ద బ్యాటరీతో ఇన్వర్టరు, రౌటరుకు విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకుంటారు. ఈ ఏర్పాటుకు ఖర్చు పెద్దగా కాదు, ముందే చేసుకోకపోతేనే అవస్థ.

రాజీనామా తేదీ కూడా డబ్బే. గ్రాట్యుటీ సంగతే చూడండి. ఒకే సంస్థలో అయిదేళ్లు నిండకుండా రాజీనామా చేస్తే సాధారణంగా అది రాదు. నిండితే, గ్రాట్యుటీకి లెక్కలోకి వచ్చే చివరి నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణించి, ఎన్నేళ్లు చేస్తే అన్నిసార్లు కలుపుతారు. ఆ వేతనం 60 వేలు, సర్వీసు తొమ్మిదేళ్లు అయితే సుమారు 3 లక్షల 11 వేలు. నాలుగేళ్లు దాటినవాళ్లు కొన్ని నెలలు ఓపిక పడితే వాళ్ల చేతికీ గ్రాట్యుటీ వస్తుంది. పీఎఫ్‌ను ఆత్రంగా తీసేయకండి. అయిదేళ్ల సర్వీసు లేకుండా తీస్తే పన్ను పడుతుంది. పెన్షన్ పథకంలో పదేళ్లు పూర్తయితే 58 ఏళ్లకు నెలవారీ పెన్షన్ వస్తుంది, చిన్న మొత్తమే అయినా జీవితాంతం వచ్చేది.

ఆరోగ్య బీమా గురించి కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఆలస్యం చేస్తే తిరిగి సరిదిద్దుకోలేం. కంపెనీ గ్రూపు పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. కొత్త పాలసీ తీసుకుంటే, అప్పటికే ఉన్న జబ్బులకు, అంటే బీపీ, షుగరు లాంటివాటికి, మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టే వీలు కంపెనీలకు ఉంది. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారితే, ఇప్పటికే గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. ఈ మార్పు ఉద్యోగంలో ఉండగానే హెచ్‌ఆర్‌ను అడిగి మొదలుపెట్టాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు, అంతమేర ఊరట.

బీమా ఉంటే సరిపోదు, ఆసుపత్రి దగ్గర్లో ఉండాలి. పక్షవాతం వచ్చినప్పుడు మెదడులో గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ స్కాన్ తీసి చూశాకే. నేను తెనాలిని ఎంచుకున్నది ఇందుకే. గుంటూరు పెద్దాసుపత్రి, విజయవాడ ఆసుపత్రులు, మంగళగిరి ఎయిమ్స్ అన్నీ గంట లోపు దూరంలో ఉన్నాయి. విజయవాడ–చెన్నై ప్రధాన రైలు మార్గం మీది జంక్షన్. మూడు కాలవలు పారే ఊరు, నాటకాలకు, ఇనుప తుక్కుతో విగ్రహాలు చేసే శిల్పులకు పేరున్న ఊరు. 1909లో రచయిత కొడవటిగంటి కుటుంబరావు పుట్టింది ఇక్కడే. ఆయన, చక్రపాణి ఈ ఊరినుంచి మద్రాసు వెళ్లి పిల్లల పత్రిక చందమామకు ప్రాణం పోశారు. పని వెతుక్కుంటూ పెద్ద ఊరికి పోవడం తెనాలికి కొత్త కాదు, తిరిగి రావడమే కొత్త. మీ ఊరు వేరే కావచ్చు. ఆ ఊరి నుంచి రాత్రి రెండు గంటలకు గుండె డాక్టరున్న ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరతారో ఒకసారి కారులో వెళ్లి చూడండి.

పిల్లలున్నవాళ్లు తరచుగా పట్టించుకోని విషయం స్థానికత. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంజినీరింగ్, మెడికల్ కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులవే. అది తేల్చేటప్పుడు ప్రధానంగా చూసేది తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది. తెలంగాణ మెడికల్ సీట్లకు పెట్టిన ఈ నాలుగేళ్ల నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కొన్ని మినహాయింపులు ఉన్నా, పిల్ల పదో తరగతిలో ఉండగా రాష్ట్రం మారిస్తే రెండు చోట్లా చిక్కులు రావచ్చు. మారితే ఎనిమిదో తరగతి అయ్యేలోపు మారండి, లేదంటే ఇంటర్ అయ్యేదాకా ఆగండి. హైదరాబాద్ నుంచి సిద్దిపేటో కరీంనగరో వెళ్లేవాళ్లకు ఈ బెడద లేదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ కాగితం మీద తేలేవి. తేలనిది ఒకటుంది. ‘మా ఊరు’ అన్నప్పుడు అది ఎక్కువగా మగవాడి ఊరు. అతనికి చిన్ననాటి స్నేహితులుంటారు, సాయంత్రం టీ కొట్టు దగ్గర కబుర్లుంటాయి. ఆమెకు అది అత్తవారి ఊరు. హైదరాబాద్‌లో ఆమెకు సొంత జీతం, సొంత బండి, తనకంటూ నలుగురు స్నేహితురాళ్లు ఉన్నారు. ఊరెళ్లాక పొద్దున్నే వచ్చిపోయే చుట్టాలకు కాఫీలు, అత్తగారి మందులు, మామగారి పథ్యం ఆమె మీద పడతాయి. ‘కోడలు ఇంట్లోనే ఉంటోందిగా’ అంటారు, ఆమె గదిలో కూర్చుని పూర్తి ఉద్యోగం చేస్తున్నా సరే. భర్తకు దొరికిన తీరిక భార్య కష్టంలోంచి వచ్చినదైతే ఆ వలసను నేను సమర్థించను. ఆమె పని ఏమిటి, ఆమె గది ఏది, వంటకు ఎవరు సాయం, ఆమె పుట్టింటికి ఎంత దూరం అన్నవి వెళ్లకముందే తేలాలి. అమ్మానాన్నలతోనూ విడిగా మాట్లాడాలి. వాళ్లకూ తమదైన దినచర్య ఏర్పడి ఉంటుంది. ఒకే ఇంట్లో కన్నా అదే వీధిలో వేరే ఇల్లు చాలా కుటుంబాలకు బాగా కుదురుతుంది.

‘ఏం బాబూ, ఉద్యోగం మానేశావా, తీసేశారా?’ అని ఊళ్లో అడుగుతారు. ఆర్నెల్లు అడిగి మానేస్తారు. ఆ మాటకు భయపడి ఆగాల్సిన పని లేదు.

స్థలం, పొలం కొనడానికి తొందరపడకండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూసి, లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో తెలుసుకుని, లాయరుకు చూపించాకే అడ్వాన్సు మాట. అసలు మొదటి ఏడాది ఏమీ కొనొద్దు. హైదరాబాద్‌లో సొంత ఫ్లాటు ఉంటే అమ్మకుండా అద్దెకివ్వండి. కంపెనీ దీర్ఘకాలపు సెలవు ఇస్తుందేమో అడగండి, రాజీనామా కన్నా ముందు అడగాల్సింది అదే. ఊళ్లో అద్దె ఇల్లు తీసుకుని ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడపండి. సంక్రాంతి వారం చూసి నిర్ణయించుకోకండి, ఆ వారం ప్రతి ఊరూ బాగుంటుంది. ఏడాది తిరిగాక ఇంట్లో అందరూ, ముఖ్యంగా మీ భార్య, ఉండిపోదామంటేనే ఫ్లాటు అమ్మే సంగతి ఆలోచించండి.