మన చెఱువులలో గాలపు వేట

గాలముతో చేపలు పట్టుటను గూర్చి ఈ సంచికకు వ్రాయబూనినామని చెప్పగానే మా తోడి యుపాధ్యాయులొకరు, "ముందు నీటిని గూర్చి వ్రాయుడు, చేపల సంగతి పిదప చూతము" అని నవ్విరి. అనంతపురము వారికి ఆ నవ్వునకు కారణము వేఱుగ చెప్పనక్కఱలేదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు పీఠభూమి మనది. పడమటి కనుమల చాటున నున్నందున నైరుతి ఋతుపవనము మన మీదికి వచ్చునప్పటికి తడి యాఱిన గాలియై యుండును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనమును మనలను చేరునప్పటికి అలసిపోవును. పెన్న, చిత్రావతి, హగరి పటములో నీలిగీతలే గాని, ఏడాదిలో పెక్కునెలలు ఇసుకబాటలు. అయినను ఈ నేలయందు చేప కలదు. సెలవుదినమున వెదురుకఱ్ఱ భుజమున వైచుకొని చెఱువుకట్టకు పోవు బాలురును కలరు. వారు మమ్మడుగు మొదటి ప్రశ్న "ఏ యెఱ మంచిది?" అనునది. మేము చెప్పదలచినది వేఱు. ఎండిన చెఱువులోనికి చేప మరల నెట్లు వచ్చునో తెలిసికొనినగాని, దేనిని పట్టవచ్చునో, దేనిని విడువవలెనో తెలియదు.

మన పట్టణపు పేరే ఒక చెఱువు పేరు. విజయనగర రాజుల కాలమున, 14వ శతాబ్దమునందు, పండమేటి నీటి నాధారముగ జేసికొని బుక్కరాయసముద్రము, అనంతసాగరము వెలసినవని చెప్పుదురు. ఏండ్ల తరబడి చుక్కనీరు కనబడని ఆ పండమేరే 2022 అక్టోబరులో పొంగి అనంతపురపు ఇండ్లలోనికి ప్రవేశించినది. చిత్రావతి మీద ఆధారపడిన బుక్కపట్నము, ధర్మవరము చెఱువులు ఆ యేడే శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి గాని, చేపలకు ఈ సరిహద్దు తెలియదు. తుంగభద్ర ఎగువ కాలువ నీరు పెన్న మీది జలాశయమునకును, 2012 నుండి హంద్రీ-నీవా పథకముచే కృష్ణానది నీరు జీడిపల్లి జలాశయమునకును వచ్చుచున్నవి. నీటితోపాటు ఏటి చేపపిల్లలును వచ్చును. కావున మన జలాశయములయందు నేడు దొరకు చేపలన్నియు ఈ నేల చేపలే యనుకొనరాదు.

చేపలు వానతో ఆకాశమునుండి రాలునని కొందఱు పిల్లలు నమ్ముదురు. బురదలో తమంత తామే పుట్టునని మఱికొందఱందురు. రెండవ మాటలో కొంత నిజము దాగియున్నది. చెఱువు ఎండునప్పుడు చేపలన్నియు ఒక్క విధముగ చావవు. పరిగె, బొచ్చె, రాగండి మున్నగునవి నీటిలో కరగిన ప్రాణవాయువును మొప్పలతో పీల్చి బ్రతుకును. నీరు తగ్గి వేడెక్కినకొలది అందలి ప్రాణవాయువు తగ్గును. అప్పుడవి తెల్లవాఱుజామున నీటిపైకి వచ్చి నోరు తెఱచుచుండును. అది ఆట కాదు, ఊపిరికై పెనుగులాట. కొరమీను, మట్టగిడస, మార్పు అను చేపలు అట్లుగాక, తలలో మొప్పల దాపున గాలి నిలుపుకొను అఱ గలవి. అవి నీటిపైకి వచ్చి మనవలె గాలిని మ్రింగును. చెఱువడుగున తడిబురద యున్నంతకాలము కొరమీను అందులో దూరి ఎండకాలమును గడపగలదు. నేల నెఱ్ఱెలు బాసి పొడియైనచో అదియును చచ్చును. వాన వచ్చి వంకలు పాఱినప్పుడు ఎగువ చెఱువుల మరవలు దుమికి పరిగెలు దిగువకు వచ్చును. పెన్నలో ఎండని మడుగులుండిన, అందలి చేపలు క్రొత్తనీటికి ఎదురీది ప్రాకును. ఇక బొచ్చె, రాగండి పిల్లలను మత్స్యకారుల సహకార సంఘములవారు తెచ్చి విడుతురు. మన చేపల గ్రుడ్లు ఎండుమట్టిలో నిలిచి మరుసటి వానకు పొదుగబడునవి కావు. కావున బురదలో మిగిలిన ఆ నాలుగు కొరమీనులే చెఱువునకు సొంత విత్తనము.

ఈ సంగతి మేము పుస్తకమున చదివి నేర్చినది కాదు. ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని వచ్చిన తొలి యేట, ఒక కుంటలో తుంగ ప్రక్కన ఎఱ్ఱని పొడి చల్లినట్లు ఏదియో కదలుట చూచితిమి. అది కొరమీను పిల్లల గుంపు. వందలకొలది పిల్లలు క్షణక్షణము గాలికై పైకి వచ్చుచుండ, క్రింద పెద్దచేప నీడవలె తిరుగుచుండెను. గాలమునకు కప్పను గ్రుచ్చి ఆ గుంపు మీదుగా లాగితిమి. చేప ఆకలిచే గాక కోపముచే దుమికి పట్టుకొనెను. ఆ రాత్రి ఇంట మంచి కూర. మఱునాడు చూడబోయిన గుంపు సగమైనది. చుట్టును జెల్లలును పరిగెలును మూగియున్నవి. మూడవనాడు ఎఱ్ఱని పొడి జాడయే లేదు. ఆ కుంటలో తరువాత మూడేండ్లు ఎవరికిని కొరమీను చిక్కినట్లు మేము వినలేదు. పిల్లలను కాచుచున్న కొరమీనును నాటినుండి మేము పట్టలేదు, మాతో వచ్చు విద్యార్థులను పట్టనీయలేదు.

గాలపు వేట మనకు దొరలు నేర్పిన విద్య యనుకొనువారు కలరు. హెచ్. ఎస్. థామస్ అను మద్రాసు సివిలు ఉద్యోగి 1887లో మన దేశపు చెఱువులలో గాలము వేయుటను గూర్చియే ఒక గ్రంథము వ్రాసిన మాట నిజము. కాని అంతకు ఏడు వందల యేండ్ల ముందే, 12వ శతాబ్దమున, కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు సంస్కృతమున రచించిన మానసోల్లాసమునందు మత్స్యవినోదమను భాగము కలదు. కఱ్ఱ, త్రాడు, గాలము, ఏ చేపకు ఏ యెఱ యనునవి అందు వివరింపబడినవి. రాజులకు అది వినోదము. మన పల్లెలలో అది పూట గడచుటకును పనికివచ్చినది.

సాధనములకు ఎక్కువ వ్యయము అక్కఱలేదు. తొమ్మిది పది యడుగుల సన్నని వెదురు, అంతే పొడవుగల నైలాను దారము, చిన్న గాలము, జొన్నబెండు లేక నెమలియీక కాడ, ఒక సీసపు గుండు చాలును. గాలపు ఎదురుముల్లును పటకారుతో నొక్కివేసినచో విడువదలచిన చేప నోరు చినుగదు. పరిగెకు వానపాము ముక్క గాని, రాగిసంగటి ముద్ద గాని చాలును. వేరుసెనగ చెక్కను పొడిచేసి పిడికెడు నీట చల్లిన, పావుగంటలో అవి గుమిగూడును. బెండు చెప్పు భాషను నేర్చుటయే అసలు విద్య. పరిగె కొఱికిన బెండు వణకును. జెల్ల పట్టినచో తిన్నగా మునుగును. జిలేబి చేప ప్రక్కకు లాగుకొనిపోవును. ఉదయమున ఎండ యెక్కకముందును, సాయంకాలము ప్రొద్దువ్రాలు వేళను చేప మేతకు దరికి వచ్చును. గాలి ఏ యొడ్డునకు కొట్టుచున్నదో ఆ యొడ్డున కూర్చుండుట మేలు. మేతయు అటే కొట్టుకొని వచ్చును.

జిలేబి చేప యనునది ఆఫ్రికా తిలాపియా. దీనిని 1952లో మన దేశమునకు తెచ్చిరి. మగచేప నిస్సారపు నీటిలోను పళ్లెమువంటి గుంట త్రవ్వును. ఆడుచేప గ్రుడ్లను నోట నుంచుకొని పొదుగును. ఏడాదిలో పలుమాఱులు ఈనుటచే ఇవి చెఱువంతయు నిండి, మేత చాలక గిడసబాఱును. కావున వీనిని ఎన్ని పట్టినను చెఱువునకు మేలే. గలిలయ సముద్రమునందు దీని జ్ఞాతి యొకటి కలదు; దానిని పేతురు చేపయని యాత్రికులకు వడ్డింతురు. మత్తయి సువార్త 17వ అధ్యాయమున పేతురు గాలము వేయగా నాణెము దొరకిన చేప ఇదేనని వాడుక. అది గాలపు ఎఱను అరుదుగా ముట్టును గనుక, పేతురునకు చిక్కినది మన పరిగెల జాతికి చెందిన పెద్ద మీసపు చేపయై యుండునని కొందఱు పండితులందురు. వేటగాండ్రము గనుక మాకు ఆ పండితుల పక్షమే సరియని తోచుచున్నది.

తలిదండ్రులకు రెండు మాటలు. చెఱువులలో మన్ను త్రవ్వినచోట్ల నిలువు గుంటలుండును. నీరు నిండిన పిదప అవి కనబడవు. మోకాటి లోతున నడచుచున్న పిల్లవాడు తరువాతి యడుగున మునిగిపోవును. కట్ట మీదనే కూర్చుండవలెను, చిక్కుకొనిన గాలమునకై నీటిలో దిగరాదు. జెల్ల, ఇంగిలాయి ఱెక్కముండ్లు గ్రుచ్చుకొనును. ఇంగిలాయి ముల్లు విషము గలది. గ్రుచ్చుకొనినచో తాళగలిగినంత వేడినీటిలో చేతిని ముంచియుంచి, పిదప వైద్యునికి చూపవలెను. చేపపిల్లలను విడిచిన చెఱువులో సంఘమువారి యనుమతి లేక గాలము వేయుట దొంగతనమే. నీటిలో విషము కలుపుట, మందుగుండు ప్రేల్చుట 1897 నాటి చట్టమే నిషేధించినది. విద్యుత్తీగెలు వైచువారు చేపలతోపాటు తామును చచ్చుచున్నారు.

మొన్నటి మే నెలలో ఎండుచున్న ఒక కుంటకు విద్యార్థులను తీసికొనిపోయితిమి. కుంట సొంతదారుని యనుమతి ముందే పొందితిమి. మిగిలినది మూరెడు లోతు మడుగు. "అయ్యవారూ, ఎట్లును చచ్చునవే గదా, అన్నింటిని పట్టుదమా?" అని యొక బాలుడడిగెను. మంచి ప్రశ్న. పరిగెలు, జిలేబి చేపలు వారమైన బ్రతుకవు గనుక వానిని గంపతో ఎత్తి ఊరివారికి పంచితిమి. రెండు కొరమీనులు చిక్కగా, చేతులు తడిపికొని వానిని మరల బురదలో విడువుడంటిమి. గట్టున నిలిచిన ముసలాయన యొకడు, "ఇంత చదివి ఇదేమి చోద్యము! కిలో ధర యెఱుగుదురా, అయ్యవారూ?" అని నవ్వెను. ఆ కుంటకు ఇంకను నీరు రాలేదు. వచ్చిన పిదప పోయి చూడవలెను.