చెయ్యి పెట్టనివ్వని లినక్స్

ఫెడోరా సిల్వర్‌బ్లూ అనే లినక్స్‌లో టెర్మినల్ తెరిచి, యూఎస్ఆర్ అనే ఫోల్డర్‌లో ఖాళీ ఫైలు ఒకటి పెట్టబోతే కంప్యూటర్ ఒప్పుకోదు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చినా ఒప్పుకోదు. ఆ ఫోల్డర్ చదవడానికే గానీ రాయడానికి కాదని చెప్పి ఆగిపోతుంది. ఏళ్ల తరబడి లినక్స్ వాడినవారికి ఇది అంత తేలిగ్గా మింగుడుపడదు. లినక్స్‌ని ఇష్టపడటానికి వాళ్లు చెప్పే మొదటి కారణమే, ఏ మూలనైనా విప్పి చూసి మార్చుకోవచ్చన్నది. మరి యజమానినే గడప దగ్గర ఆపేసే లినక్స్‌ని ఎందుకు తయారుచేశారు? రోజూ దానితో పని చేస్తే ఎలా ఉంటుంది?

మామూలు లినక్స్‌లో అప్‌డేట్ ఎలా జరుగుతుందో ముందు చూద్దాం. ఉబుంటు, ఫెడోరా వర్క్‌స్టేషన్ లాంటివి వందల, వేల చిన్న ప్యాకేజీల కూర్పు. అప్‌డేట్ చేసినప్పుడు పాత ఫైళ్లు ఉన్నచోటే ఒక్కొక్కటిగా కొత్తవి వచ్చి చేరతాయి. సగంలో కరెంటు పోయిందనుకోండి, కొన్ని కొత్తవి, కొన్ని పాతవి కలిసిన యంత్రం మిగులుతుంది. యూపీఎస్ లేని ఇళ్లలో ఇది ఊహకు మాత్రమే పరిమితమైన ప్రమాదం కాదు. దీనికంటే నెమ్మదిగా ముదిరే సమస్య ఇంకొకటుంది. ఎక్కడో చదివి ఒక ప్యాకేజీ వేస్తాం, ఇంకెవరో చెబితే ఒక సెట్టింగు మారుస్తాం, వేసినదాన్ని తీసేస్తే దాని తాలూకు ముక్కలు మిగిలిపోతాయి. ఒకే రోజున, ఒకే డిస్క్ నుంచి ఇన్‌స్టాల్ చేసిన రెండు కంప్యూటర్లు రెండేళ్లకు ఒకదానికొకటి పోలిక లేకుండా తయారవుతాయి. మీ దగ్గరున్న ఆ ప్రత్యేకమైన మిశ్రమాన్ని ప్రపంచంలో ఎవరూ పరీక్షించి చూడలేదు. కాబట్టి అది ఎప్పుడు, ఎందుకు మొరాయిస్తుందో చెప్పగలిగేవారూ ఉండరు.

సిల్వర్‌బ్లూ లాంటి వ్యవస్థలు ఈ ముడిని మొదట్లోనే విప్పేశాయి. వీటిని ఇమ్యూటబుల్ లేదా అటామిక్ డెస్క్‌టాప్‌లంటారు. ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్ని తయారీదారులే ఒకే ఇమేజ్‌గా కూర్చి, దాన్నే పరీక్షించి పంపుతారు. అచ్చయిన పుస్తకంలాంటిది అది. తప్పు దొరికితే మన ప్రతిలో పేజీ చింపి అతికించరు. సవరించిన కొత్త ముద్రణ వస్తుంది, పాత ముద్రణ కూడా అలమరలోనే ఉంటుంది. సిల్వర్‌బ్లూలో ఈ పని చేసేది ఓస్ట్రీ అనే సాధనం. కొత్త ఇమేజ్ వెనకాల డౌన్‌లోడ్ అవుతున్నంతసేపూ మీరు వాడుతున్న సిస్టమ్‌లో ఒక్క ఫైలు కూడా కదలదు. రీస్టార్ట్ చేసినప్పుడు కొత్తదానిలోకి మారుతుంది. మార్పు జరిగితే పూర్తిగా జరుగుతుంది, లేకపోతే అసలు జరగదు. రెండు ఇమేజ్‌లుంటే డిస్క్‌లో రెట్టింపు చోటు పడుతుందేమోనన్న భయం అక్కర్లేదు. రెండింటిలోనూ ఒకేలా ఉన్న ఫైళ్లను ఓస్ట్రీ ఒక్కసారే దాస్తుంది.

ఈ ఆలోచన డెస్క్‌టాప్ లినక్స్‌కి కొత్తది కావచ్చుగానీ మన చేతుల్లోకి ముందే వచ్చింది. క్రోమ్‌బుక్‌లు మొదటినుంచీ ఇలాగే అప్‌డేట్ అవుతున్నాయి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 కూడా రెండు భాగాలు పెట్టుకుని, ఒకదాన్ని వాడుతుండగా రెండోదాన్ని మార్చే పద్ధతిని ప్రవేశపెట్టింది. 2018లో సిల్వర్‌బ్లూ వచ్చింది. 2022లో వాల్వ్ సంస్థ విడుదల చేసిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ యంత్రంలో ఉన్నదీ ఇలాంటి లినక్సే. లినక్స్ అన్న పేరైనా తలచుకోకుండా దాని మీద ఆడుకునేవారు ఎందరో. ఓపెన్‌సూసే వారి ఏయాన్, వెనీలా ఓఎస్ ఇదే కోవలోవి. నిక్స్‌ఓఎస్‌ది పూర్తిగా వేరే దారి, దానికి విడిగా ఒక వ్యాసం కావాలి. ఇక్కడ సిల్వర్‌బ్లూనే పట్టుకుని మాట్లాడతాను.

మొదటి రోజు తగిలేది సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే పద్ధతి. లిబ్రేఆఫీస్, జింప్, వీఎల్‌సీ లాంటివన్నీ ఫ్లాట్‌ప్యాక్ రూపంలో, ఎక్కువగా ఫ్లాట్‌హబ్ అనే యాప్ స్టోర్ నుంచి వస్తాయి. ఫ్లాట్‌ప్యాక్ అంటే తనకు కావలసిన లైబ్రరీలను తనతోనే తెచ్చుకుని, సిస్టమ్ ఫైళ్లను ముట్టుకోకుండా పక్కన నడిచే ప్రోగ్రామ్. మొదటి ప్రోగ్రామ్‌తోపాటు ఉమ్మడి పునాదిగా పనికొచ్చే పెద్ద భాగం కూడా దిగుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవారు ఆ మొదటి రోజు పనిని మంచి కనెక్షన్ ఉన్నచోట పెట్టుకోవడం మేలు. తరవాత వేసే ప్రోగ్రాముల్లో చాలా అదే పునాదిని పంచుకుంటాయి గనక భారం తగ్గుతుంది.

ఫ్లాట్‌ప్యాక్ ప్రోగ్రాములు తమ గిరిలోనే ఉంటాయి. చాలావాటికి మీ ఫోల్డర్లన్నీ కనిపించవు, మీరు ఫైలు ఎంచుకుంటే ఆ ఫైలు మాత్రమే అందుతుంది. భద్రతకు ఇది మంచిదే. కానీ రెండు ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల్సి వచ్చినప్పుడు చిక్కొస్తుంది. ఫ్లాట్‌ప్యాక్ బ్రౌజర్‌కి పాస్‌వర్డ్ మేనేజర్‌ను కలపడం ఇందుకు పాత ఉదాహరణ. మన దేశంలో ఇంతకంటే పెద్ద చిక్కు డిజిటల్ సంతకానికి వాడే డీఎస్‌సీ టోకెన్‌ది. టెండర్లు వేసే కాంట్రాక్టర్లు, కంపెనీల పత్రాలు దాఖలు చేసే ఆడిటర్లు ఆ చిన్న యూఎస్‌బీ పరికరం లేకుండా అడుగు ముందుకు వేయలేరు. దానికి తయారీదారు ఇచ్చే డ్రైవర్ కావాలి, ఆ డ్రైవర్ బ్రౌజర్‌కి అందాలి. ఇన్‌స్టాలర్ నేరుగా యూఎస్ఆర్‌లో రాయబోతే ఇక్కడ ఆగిపోతుంది. దారి వెతికితే దొరకవచ్చుగానీ, టెండరు గడువు ముగిసే సాయంత్రం వెతకాల్సిన దారి కాదది. బతుకుతెరువు ఆ టోకెన్ మీద ఉన్నవారికి ఈ వ్యవస్థను నేను ఇప్పుడే సిఫారసు చేయను.

సిస్టమ్‌లోనే ఉండక తప్పని వాటికి లేయరింగ్ అనే వెసులుబాటు ఉంది. ఆర్‌పీఎం-ఓస్ట్రీ ఆదేశంతో ఒక ప్యాకేజీని ఇమేజ్ మీద పొరలా వేయవచ్చు. ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్‌కి సాధారణంగా ఇదే దారి. ప్రతి కొత్త ఇమేజ్‌తోనూ ఆ పొరల్ని మళ్లీ వేయాలి గనక అప్‌డేట్‌కి పట్టే సమయం పెరుగుతుంది. పొరగా వేసిన ప్యాకేజీ కొత్త ఇమేజ్‌తో పొసగకపోతే అప్‌డేటే నిలిచిపోతుంది. అప్పుడు కూడా పాత సిస్టమ్ చక్కగా నడుస్తూనే ఉంటుంది, అది వేరే సంగతి. పొరలు పెరిగేకొద్దీ, పరీక్షించి పంపిన ఇమేజ్ అన్న అసలు ప్రయోజనం కరిగిపోతుంది. నిజంగా తప్పనివి రెండో మూడో పెట్టుకుని ఆగడం మంచిది. ఎన్విడియా కార్డు ఉన్నవారు, ఆ డ్రైవర్‌ను ముందే కలిపి ఇచ్చే బ్లూఫిన్, బజైట్ లాంటి ఇమేజ్‌లను చూడవచ్చు. ఇవి యూనివర్సల్ బ్లూ అనే బృందం ఫెడోరా పునాది మీద తయారుచేస్తున్నవి.

ప్రోగ్రాములు రాసేవారికి టూల్‌బాక్స్, డిస్ట్రోబాక్స్ ఉన్నాయి. వీటితో సిస్టమ్‌కు విడిగా నడిచే కంటైనర్ ఒకటి తెరుచుకుని, అందులో మామూలు లినక్స్‌లోలాగే ఇష్టమైన ప్యాకేజీలు వేసుకోవచ్చు. చెడిపోతే దాన్ని పారేసి ఇంకొకటి తెరవొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. మామూలుగా ఈ కంటైనర్‌లో కనిపించే హోమ్ ఫోల్డర్ మీ అసలు హోమ్ ఫోల్డరే. అక్కడ చెరిపిన ఫైలు ఇక్కడా చెరిగిపోతుంది. ప్రయోగశాల అనుకుని అక్కడ ఏదంటే అది తుడిచేయకూడదు.

తెలుగులో పనిచేసేవారికి ఫాంట్ల సంగతి తేలిగ్గానే తేలిపోతుంది. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు సిస్టమ్ ఫోల్డర్‌లోకి వెళ్లనక్కర్లేదు. హోమ్‌లోని సొంత ఫాంట్ల ఫోల్డర్‌లో పెడితే చాలు, ఫ్లాట్‌ప్యాక్ ప్రోగ్రాములకూ కనిపిస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును సెట్టింగ్స్‌లో ఎంచుకుంటే సరిపోతుంది. లేఅవుట్‌ను తమకు నచ్చినట్టు దిద్దుకునేవారు ఇదివరకు యూఎస్ఆర్‌లోని ఫైళ్లను మార్చేవారు, ప్రతి అప్‌డేట్‌కీ ఆ దిద్దుబాటు చెరిగిపోయేది. డెస్క్‌టాప్‌ను తెర మీద చూపించే వేలాండ్ అనే కొత్త పద్ధతి వచ్చాక ఆ ఫైళ్లను హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకునే వీలు కలిగింది. ఇలాంటి చిన్న విషయాల్లోనే ఈ వ్యవస్థ గుణం నాకు తెలిసొచ్చింది. ఏది నాది, ఏది సిస్టమ్‌ది అన్న గీత స్పష్టంగా కనబడుతుంది. నావన్నీ ఒకచోట ఉంటే, కాపీ తీసి ఇంకో యంత్రంలోకి వెళ్లడం ఒక పూట పని.

ఏదైనా అప్‌డేట్ వచ్చాక వైఫై పనిచేయలేదనుకుందాం. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు బూట్ మెనూలో కొత్త ఇమేజ్ పైనా, పాతది కిందా కనిపిస్తాయి. మెనూ కనబడకపోతే ఎస్కేప్ నొక్కి తెప్పించుకోవచ్చు. కిందిది ఎంచుకుంటే నిన్నటి సిస్టమ్ వస్తుంది. ఆ ఎంపిక ఆ ఒక్కసారికే. పాతదానిలోనే ఉండిపోవాలంటే రోల్‌బ్యాక్ ఆదేశం ఇవ్వాలి. ఆరు నెలలకోసారి వచ్చే పెద్ద వెర్షన్‌కి మారేముందు, నడుస్తున్న ఇమేజ్‌ను పిన్ చేసి పెట్టుకుంటే అది ఎన్ని అప్‌డేట్‌లొచ్చినా చెరగదు.

వెనక్కి వెళ్లడానికీ హద్దులున్నాయి, వీటిని చాలామంది గమనించరు. వెనక్కి వెళ్లేది సిస్టమ్ మాత్రమే. మీ ఫొటోలు, పత్రాలు, ప్రోగ్రాముల సెట్టింగులు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. కొత్త ఫైర్‌ఫాక్స్ ఒకసారి తెరిచిన ప్రొఫైల్‌ను, సిస్టమ్‌తోపాటు వెనక్కి వెళ్లిన పాత ఫైర్‌ఫాక్స్ తెరవనంటుంది, కొత్త ప్రొఫైల్ చేసుకోమంటుంది. పొరపాటున చెరిపిన పెళ్లి ఫొటోలను రోల్‌బ్యాక్ తెచ్చివ్వదు. బ్యాకప్ అవసరం అణుమాత్రం కూడా తగ్గలేదు. యూఎస్ఆర్‌లో రాయనివ్వకపోవడాన్ని వైరస్ నుంచి రక్షణ అనుకోవడమూ పొరపాటే. హోమ్‌లోని ఫైళ్లను పాడుచేయడానికి దుష్ట ప్రోగ్రామ్‌కు యూఎస్ఆర్‌తో పనిలేదు. అడ్మిన్ హక్కు చేజిక్కించుకున్నవాడు ఆ అడ్డునూ దాటగలడు. ఇది ప్రధానంగా పొరపాట్ల నుంచి, సగంలో ఆగిన అప్‌డేట్‌ల నుంచి కాపాడే ఏర్పాటు.

రీస్టార్ట్ చేయడం అలవాటు కావాలి. మూత వేసి నిద్రపుచ్చుతూ నెలల తరబడి నడిపే ల్యాప్‌టాప్‌లో కొత్త ఇమేజ్ సిద్ధంగా ఉన్నా, నడిచేది పాతదే. భద్రతా సవరణలు డిస్క్ మీదే ఉండిపోతాయి. వారానికోసారైనా పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

నా దృష్టిలో ఈ వ్యవస్థ వల్ల అందరికంటే ఎక్కువ మేలు పొందేది కంప్యూటర్ నిపుణులు కారు. గుంటూరులో అమ్మానాన్నల కంప్యూటర్‌ను హైదరాబాద్ నుంచో డల్లాస్ నుంచో ఫోన్‌లో చూసుకునే పిల్లలున్న ఇళ్లకు ఇది బాగా సరిపోతుంది. బ్రౌజరు, వీడియో కాల్, ఫొటోలు, ఉత్తరాలు రాసుకోవడం వరకే అవసరమైన యంత్రంలో సిస్టమ్‌ను ముట్టుకోవాల్సిన సందర్భమే రాదు. ఏదైనా తేడా వస్తే, “అమ్మా, ఆపేసి మళ్లీ పెట్టు, తెర మీద రెండో వరస ఎంచుకో” అని చెప్పడం ఫోన్‌లో సాధ్యమైన పని. టెర్మినల్‌లో పొడవాటి ఆదేశాలు అక్షరం అక్షరం చెప్పి కొట్టించడం సాధ్యం కాదు. పిల్లలు రోజుకో ప్రయోగం చేసే బడి ల్యాబ్‌లకు కూడా ఇది పనికొస్తుంది.

మారాలనుకునేవారు ముందు తమ రోజువారీ ప్రోగ్రాముల జాబితా కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటి ఫ్లాట్‌హబ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ప్రింటర్, స్కానర్ మోడళ్లు కూడా ఆ కాగితం మీద ఉండాలి. తయారీదారు డ్రైవర్ కోరే పాత ప్రింటర్ ఉంటే దానికి లేయరింగ్ పనికొస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి. ఉన్న సిస్టమ్‌లోనే వర్చువల్ మెషీన్ పెట్టి సిల్వర్‌బ్లూను కొన్నాళ్లు వాడి చూడవచ్చు. జాబితాలో టిక్కు పడని వరస ఒక్కటే మిగిలినా, అది మీకు రోజూ అన్నం పెట్టే పనికి సంబంధించినదైతే పాత సిస్టమ్‌లోనే ఉండండి.