తంగేడు పూలకు వెళ్తున్నారా? కొన్ని జాగ్రత్తలు

వానలు వెనకపట్టి, భాద్రపద మాసం ముగింపుకి వచ్చేసరికి నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల చల్క నేలలు రంగు మారిపోతాయి. ఏడాదిలో ఎక్కువ భాగం ఎర్రమన్ను, బండరాళ్ళు తప్ప మరేమీ కనిపించని గుట్టల మీద తంగేడు పచ్చగా విరగబూస్తుంది. చేలగట్ల మీద, బీళ్ళలో గునుగు తెల్లగా తలలెత్తుతుంది. దేవరకొండ, డిండి, అచ్చంపేట వైపు బస్సులో వెళ్ళేవారికి దారి పొడవునా ఈ పూలే కనిపిస్తాయి.

పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుపెట్టి సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది రోజులూ ఈ పూలతోనే పండుగ. 2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా కూడా ప్రకటించారు. ఇప్పుడు పట్నం నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని, పూలు చూడటానికీ కోసుకోవటానికీ పల్లెలకు వెళ్ళేవారు కూడా ఉన్నారు. మంచిదే. కాని పూల కాలం, పాముకాట్ల కాలం దాదాపు ఒకటేనన్న సంగతి మరచిపోకూడదు.

2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది! అందులో సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే జరిగాయి. మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి.

పొద కింద చెయ్యి పెట్టకండి

మన వైపు ప్రాణాపాయం కలిగించే పాములలో ముఖ్యమైనవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వీటిలో చిన్నపింజరకు మెట్ట నేలలంటే ఇష్టం. మూరెడు పొడవు ఉంటుంది. మట్టిరంగులో ఉండటం వల్ల కంటికి ఆనదు. పగలు రాళ్ళ సందున, పొద మొదట్లో చుట్టచుట్టుకుని పడుకుంటుంది.

తంగేడు కొమ్మ విరిచేటప్పుడు మన చెయ్యి వెళ్ళేది ఆ పొద దగ్గరకే. కనుక పూలకు చీకటితో బయలుదేరకండి. బాగా తెల్లవారిన తర్వాత వెళ్ళండి. కాళ్ళకు బూట్లు వేసుకోండి. చేతిలో కర్ర ఉంచుకుని ముందు పొదను, గడ్డిని తట్టండి. కూర్చోవటానికి రాళ్ళు ఎత్తకండి. పిల్లల్ని గడ్డిలోకి పరుగెత్తనీయకండి.

ఒకవేళ కరిస్తే?

కరిచిన చోట కొయ్యటం, నోటితో పీల్చటం, తాడు బిగించి కట్టటం - ఈ మూడూ హాని చేసేవే. పింజర కాటుకి రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. అటువంటప్పుడు బ్లేడుతో కోస్తే ఆ రక్తం ఆగదు. తాడు బిగిస్తే కాలు, చెయ్యి కుళ్ళిపోయే ప్రమాదం ఉంది.

చెయ్యవలసింది ఇది. రోగిని పడుకోబెట్టి ధైర్యం చెప్పండి. నడవనీయకండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కడియాలు వెంటనే తీసేయండి. వాపు వచ్చిన తర్వాత అవి రావు. చేతికి గాని కాలికి గాని కర్రబద్ద ఆనించి, కదలకుండా వదులుగా కట్టండి. 108కి ఫోను చేసి, లేదా దొరికిన బండిలో ఆసుపత్రికి చేర్చండి. పామును చంపి పట్టుకురానక్కర లేదు. మనం వాడే విషవిరుగుడు ఇంజక్షను ఈ నాలుగు పాముల విషానికీ పనిచేస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో దీన్ని ఉచితంగా ఇస్తారు. డాక్టరు కొద్దిగా రక్తం తీసి, గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు. అది గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కిందని అర్థం. కనురెప్పలు వాలిపోవటం, మాట ముద్దగా రావటం నాగు, కట్లపాముల విష లక్షణాలు.

"మంత్రం వేస్తే మా ఊళ్ళో చాలామంది బతికారు గదా!" అని కొందరు అడుగుతారు. వాళ్ళను కరిచింది విషం లేని పాము అయివుంటుంది, లేదా విషప్పాము కరిచినా విషం ఎక్కించి ఉండదు. నిజంగా విషం ఎక్కినవాడికి మంత్రగాడి దగ్గర గడిచే ప్రతి గంటా నష్టమే.

పచ్చని పూలన్నీ తంగేడు కాదు

అదే బీళ్ళలో కసింద మొక్క కూడా పచ్చగా పూస్తుంది. తంగేడు రెమ్మకు గుండ్రని కొసలున్న చిన్న ఆకులు చాలా జతలు ఉంటాయి. కసింద ఆకులు నాలుగైదు జతలే, కొసలు మొనదేరి ఉంటాయి. నలిపితే చెడు వాసన వస్తుంది. దీని గింజలు పిల్లలకు విషం. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా పిల్లలు ఉన్నట్టుండి స్పృహ తప్పి చనిపోతుంటే మెదడువాపు జ్వరమని చాలాకాలం అనుకున్నారు. ఈ గింజలు తినటమే కారణమని 2007లో అక్కడి డాక్టర్లు ప్రకటించారు. గింజలు కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీస్తాయి.

కంచెల మీద నిప్పుమంటలా ఎర్రగా, పసుపుగా పూసే అడవినాభిని చూసి ఆనందించండి, అంతే. దాని దుంప తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికి వస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే మొదట నొప్పి తెలియకపోవచ్చు. అయినా ధారగా నీళ్ళు పోసి బాగా కడిగి కంటి డాక్టరుకి చూపించండి.

ఎలర్జీ ఉన్నవారికి

1950లలో మన దేశంలో కనిపించి అంతటా పాకిన వయ్యారిభామ తెల్లని చిన్న పూలతో ఈ బీళ్ళలోనే ఉంటుంది. అది తగిలితే కొందరికి ముఖం, మెడ, మోచేతి మడతల్లో దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడితో ఆయాసం కూడా రావచ్చు. కనుక పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చండి. ఉబ్బసం ఉన్నవారు పీల్చే మందు జేబులో ఉంచుకోవాలి. పూలు కోసే పని ఇతరులకు అప్పగించటం ఇంకా మంచిది.

మరొక మాట. షుగరు జబ్బుకి తంగేడు పూల కషాయం మంచిదని తాగేవారు ఉన్నారు. ఎలుకల మీద చేసిన ప్రయోగాలలో చక్కెర కొంత తగ్గిన మాట నిజమే. అంతమాత్రాన మాత్రలు, ఇన్సులిన్ మానివేయకూడదు.

పూలకు బయలుదేరే ముందు, దగ్గరలో విషవిరుగుడు ఇంజక్షను ఉండే ఆసుపత్రి ఏదో ఊళ్ళోవారిని అడిగి తెలుసుకోండి. అవసరం రాకపోతే సంతోషమే. వస్తే, ఎటు పరుగెత్తాలో ముందే తెలిసి ఉండటం ప్రాణం నిలబెడుతుంది.