సెల్‌ఫోను సరకు: నిల్వ చేస్తే నష్టం, తిప్పితే లాభం

సికింద్రాబాద్: పసుపు, మిర్చి, కందులు చేతిలో ఉన్న వర్తకుడు మంచి ధర కోసం ఎదురు చూడగలడు. సరకు గోదాములో వేసి, వడ్డీ భరించి, తేజీ వచ్చినపుడు అమ్ముకోగలడు. సెల్‌ఫోను సరకు తీరు వేరు. పైకి ఏళ్ల తరబడి చెడని వస్తువులా కనిపించినా, బేరంలో ఇది టమాటాకు దగ్గర. కొత్త మోడల్ దిగగానే పాతదాని ధర జారుతుంది. లోతుకుంట, అల్వాల్‌లలో రాజీవ్ రహదారి వెంబడి దుకాణం పెట్టినవారికైనా, దేశదేశాల్లో అమ్మే కంపెనీకైనా ఈ సూత్రం ఒక్కటే.

2025 చివరినుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరిగి ఫోన్ల ధరలు కూడా పైకి కదలడంతో, సరకు పట్టి ఉంచితే లాభమన్న ఆశ పుట్టడం సహజం. ఆ ఆశను తూచి చూడటానికి దూరం పోనక్కరలేదు. అల్వాల్ స్టేషన్ ఉన్న రైలు మార్గంలోనే ముందుకు పోతే వచ్చే మేడ్చల్ అనుభవం చాలు.

మేడ్చల్ అనుభవం

హైదరాబాదుకు చెందిన సెల్‌కాన్ సంస్థను వై. గురు 2009లో స్థాపించారు. తక్కువ ధర, రెండు సిమ్‌లు, చిన్న పట్టణాల పంపిణీదారులు ఇటువంటి స్వదేశీ కంపెనీలకు బలం. 2015 బడ్జెట్ దిగుమతి ఫోన్లపై 12.5 శాతం సుంకం వేసి, ఇక్కడ బిగించిన ఫోన్లపై ఎక్సైజును 1 శాతంగా ఉంచింది. ఆ ఏడాదే మేడ్చల్‌లో సెల్‌కాన్ ఫ్యాక్టరీ ప్రారంభమయింది.

అయితే ఆ సుంకం తేడా స్వదేశీ కంపెనీలకే దక్కలేదు. 2014 జూలైలో ఇంటర్‌నెట్ అమ్మకాలతో దేశంలో అడుగుపెట్టిన చైనా కంపెనీ షావోమి, 2015 ఆగస్టు నాటికే చిత్తూరు జిల్లా సరిహద్దున శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ చేత ఫోన్లు తయారు చేయించి, తొలి మోడల్‌ను విశాఖపట్నంలో విడుదల చేసింది.

అసలు దెబ్బ మరుసటి ఏడాది తగిలింది. 2016 సెప్టెంబరులో జియో 4జీ సేవలు మొదలయ్యాయి. 3జీ ఫోను ఆ సేవకు పనికిరాదు. గిరాకీ ఒక్కసారిగా 4జీ వైపు మళ్లగా, 3జీ నిల్వలకు కొనుగోలుదారులు తగ్గారు. నవంబరు 8న పెద్ద నోట్ల రద్దుతో నగదు మీద నడిచే చిన్న పట్టణాల వ్యాపారం మందగించింది. 2017 చివరి త్రైమాసికానికి షావోమి దేశంలో మొదటి స్థానానికి చేరింది. మైక్రోమాక్స్, కార్బన్, ఇంటెక్స్, సెల్‌కాన్ వెనుకబడ్డాయి. ఫ్యాక్టరీ ఉంటే చాలదని, చిప్, డిజైన్ చేతిలో లేనివారు మార్పు వచ్చినపుడు ఆలస్యంగా మేలుకుంటారని ఆ రెండేళ్లు తేల్చాయి.

దుకాణం లెక్క

ఇదే లెక్క చిల్లర దుకాణానికీ వర్తిస్తుంది. ఉదాహరణకు 12,500 రూపాయల ఫోన్లు 80 తెస్తే పెట్టుబడి 10 లక్షలు. మార్జిన్ 4 శాతమనుకుంటే ఫోనుకు 500, మొత్తం 40,000 రూపాయలు. ఏడాదికి 12 శాతం వడ్డీ చొప్పున నెలకు 10,000 పోతుంది. సరకు 15 రోజులకొకసారి తిరిగితే నెలకు 80,000 మార్జిన్ వస్తుంది. తిరగక నిలిచి, కంపెనీ 1,000 రూపాయలు ధర తగ్గిస్తే 80,000 నష్టం. ధర తగ్గినపుడు మిగిలిన సరకుకు కంపెనీలు పరిహారం ఇచ్చే పద్ధతి ఉన్నా, ఆ సొమ్ము చేతికి వచ్చేదాకా పెట్టుబడి చిక్కుకున్నట్టే.

పన్ను కూడా వర్తకుడి చేతిలో లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి ఫోన్లపై జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. 2024 జూలైలో దిగుమతి సుంకం 20 నుంచి 15 శాతానికి తగ్గింది.

మార్జిన్ల పోరు

2002లో విజయవాడలో మొదలైన బిగ్ సి వంటి గొలుసు దుకాణాలు టోకున కొనే బలంతో పెరిగాయి. వాటికీ మార్జిన్ బాధ తప్పలేదు. దక్షిణాది దుకాణదారుల సంఘం 2024లో తక్కువ మార్జిన్లు, క్లెయిముల జాప్యం కారణాలుగా చూపి, మే 1 నుంచి వన్‌ప్లస్ ఫోన్ల అమ్మకం ఆపుతామని ఆ కంపెనీకి నోటీసు ఇచ్చింది. ఒంటరి దుకాణానికి అటువంటి బేరం చేసే శక్తి లేదు. దాని శక్తి అంతా సరకు త్వరగా తిప్పడంలోనే ఉంది.

ముందున్న ధోరణి

ఇప్పటి తేజీకి మూలం కృత్రిమ మేధ కంప్యూటర్ కేంద్రాల గిరాకీ. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలదే మెమరీ చిప్‌లలో పైచేయి. అవి ఖరీదైన రకాల వైపు మొగ్గడంతో ఫోన్లకు సరఫరా బిగిసింది. చౌక ఫోను ఖర్చులో మెమరీ వాటా ఎక్కువ గనుక భారం ముందుగా దానిపైనే పడుతుంది. ముందే ఒప్పందాలు చేసుకున్న పెద్ద కంపెనీలు తట్టుకోగలవు, చిన్నవాటికి కష్టం.

పాత ధరకు తెచ్చిన కొద్దిపాటి సరకుపై ఒకసారి లాభం రావచ్చు. దాన్ని నమ్మి అప్పు తెచ్చి నిల్వ చేయడం జూదమే. ధర పెరిగితే కొనేవారు పాత ఫోనుతోనే మరో ఏడాది గడుపుతారు. ఈలోగా కొత్త మోడల్ దిగుతుంది. ఈ బేరంలో నికరంగా మిగిలేది రెండు వారాల అమ్మకానికి మించి సరకు పెట్టుకోని దుకాణదారుకే.