మెగ్నీషియం లోపం: రక్తపరీక్షకు అందని కొరత

వయోజనుల శరీరంలో సుమారు 25 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. అందులో సగానికి పైగా ఎముకల్లోను, మిగిలినదానిలో అధికభాగం కండరాలు, ఇతర మృదుకణజాలాల్లోను ఉంటుంది. రక్తరసిలో ఉండేది ఒక శాతం కంటే తక్కువ. సాధారణంగా పరీక్షించేది ఈ స్వల్పభాగాన్నే. కనుక ఫలితం సాధారణస్థాయిలో ఉన్నంత మాత్రాన కణాల్లో లోపం లేదని నిర్ధారించలేం.

ఆకలి మందగించడం, వికారం, నీరసం వంటి తొలి లక్షణాలు ఏ వ్యాధిలోనైనా కనిపించేవే. లోపం ముదిరితే చేతుల వణుకు, కండరాలు బిగుసుకుపోవడం, మూర్ఛ, గుండె లయ తప్పడం సంభవిస్తాయి.

చికిత్స దారితప్పేది ఇతర ఖనిజాల విషయంలో. మెగ్నీషియం తగ్గినప్పుడు మూత్రపిండ కణాల్లోని పొటాషియం మార్గాలపై అదుపు సడలి, పొటాషియం మూత్రంలో పోతుంది. తీవ్రలోపంలో పారాథైరాయిడ్ హార్మోన్ స్రావం తగ్గుతుంది. స్రవించిన కొద్దిపాటి హార్మోనుకూ ఎముక సరిగా స్పందించదు. ఫలితంగా రక్తంలో కాల్షియం పడిపోతుంది. ఇటువంటి రోగికి పొటాషియం, కాల్షియం ఎంత ఇచ్చినా, మెగ్నీషియం భర్తీ కానంతవరకు వాటి స్థాయిలు నిలవవు.

బియ్యాన్ని పాలిష్ పట్టినప్పుడు తవుడుతోపాటు మెగ్నీషియం చాలావరకు పోతుందన్నది నిజమే. అయితే ఆరోగ్యవంతుల మూత్రపిండాలు కొరత వేళ దీనిని పొదుపుచేస్తాయి కాబట్టి, ఆహారలోపం ఒక్కటే తీవ్రస్థితికి దారితీయడం అరుదు. దీర్ఘకాలిక విరేచనాలు, అతి మద్యపానం, అదుపు తప్పిన మధుమేహం, కొన్ని మందులు ప్రధాన కారణాలు. ఒమెప్రజోల్ తరహా ఆమ్లనిరోధక మాత్రల దీర్ఘకాలిక వాడకంపై అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరిక జారీచేసింది. ఆ సంస్థ సమీక్షించిన కేసుల్లో సుమారు నాలుగోవంతులో మెగ్నీషియం ఇవ్వడం ఒక్కటే చాలలేదు. ఆ మాత్రలనే ఆపవలసి వచ్చింది.