విద్యార్థులే నడుపు క్రీడాసంఘము

ఆట యనిన వెంటనే మన కన్నుల యెదుట నిలుచునవి పరుగెత్తు కాళ్లును, గాలిలో ఎగురు బంతియు, చుట్టును నిలిచి కేకలు వేయు జనమును. గెలిచినవారిని మెచ్చుకొందుము, ఓడినవారిని ఓదార్చుదుము. కాని ఆ బంతిని కొన్నవారెవరు? ఎదుటి జట్టునకు జాబు వ్రాసి దినము నిర్ణయించినవారెవరు? మైదానములో సున్నపు గీతలు గీయించినవారెవరు? దెబ్బ తగిలిన పిల్లవానికి కట్టు కట్టుటకు మందుల పెట్టెను సిద్ధముగా నుంచినవారెవరు? ఈ ప్రశ్నలను సాధారణముగా ఎవరును అడుగరు. ఈ పని సరిగా జరిగినచో కనబడదు. జరుగనిచో ఆటయే జరుగదు. కనబడని యీ పనిని గూర్చి మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును కొంత తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇందుకు ఉదాహరణముగా అమెరికా దేశపు కళాశాలలలో విద్యార్థులే నడుపుకొను లాక్రోస్ సంఘములను తీసికొందము.

లాక్రోస్ మన పల్లెలలో ఆడు ఆట కాదు. గనుక ముందుగా దానిని వర్ణింపవలసియున్నది. పొడవైన కర్ర చివర చిన్న వల సంచివలె కట్టబడియుండును. ఆటగాడు ఆ వలతోనే గట్టి రబ్బరు బంతిని పట్టి, మోసికొని పరుగెత్తి, తోడివానికి విసరి, కడకు ఎదుటి పక్షమువారి గోలులోనికి కొట్టవలెను. గోలు కాపరి తప్ప మరెవ్వరును బంతిని చేతితో తాకరాదు. పురుషులు పెద్ద మైదానములో ఆడునపుడు ఒక్కొక్క పక్షమున 10 మంది యుందురు: గోలు కాపరి ఒకడు, రక్షకులు ముగ్గురు, నడుమ ఆడువారు ముగ్గురు, ముందు ఆడువారు ముగ్గురు. మైదానము పొడవు 110 గజములు, వెడల్పు 60 గజములు. బంతి మిక్కిలి వేగముగా వచ్చును. కర్రలు ఒంటికి తగులును. కావున పురుషులు తలకు శిరస్త్రాణమును, చేతులకు తొడుగులను ధరింతురు. మన చెడుగుడునకు గీత గీసిన నేలయు, బిగబట్టిన ఊపిరియు చాలును. లాక్రోసునకు అట్లు కాదు. దానికి సామగ్రి కావలెను. సామగ్రికి ధనము కావలెను. ధనమునకు లెక్క కావలెను.

ఈ ఆట ఉత్తర అమెరికా ఖండపు ఆదివాసులది. ఇరొక్వా జాతులవారు దీనిని సృష్టికర్తకు ప్రియమైన ఆటగా నేటికిని గౌరవింతురు. 17వ శతాబ్దమున అచ్చటికి వెళ్లిన ఫ్రెంచి మిషనరీలు దీనిని చూచి వ్రాసిరి. దాని పేరును ఫ్రెంచి భాషనుండి వచ్చినదే. 1867వ సంవత్సరమున మాంట్రియల్ నగరపు దంతవైద్యుడు విలియం జార్జ్ బీర్స్ దాని నియమములను క్రమపరచెను. 1877లో న్యూయార్కు విశ్వవిద్యాలయ విద్యార్థులు దానిని తమ కళాశాలలోనికి తెచ్చిరి. 1890లో స్కాట్లండు దేశములోని సెయింట్ లెనార్డ్స్ బాలికల పాఠశాల దానిని బాలికల ఆటగా స్వీకరించెను. 1904, 1908 సంవత్సరముల ఒలింపిక్ పోటీలలో దీనికి స్థానముండెను, తరువాత పోయెను. 2023 అక్టోబరులో మన బొంబాయి నగరమున కూడిన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు 2028 లాస్ ఏంజెలస్ పోటీలలో క్రికెట్టుతోపాటు దీనికిని చోటిచ్చిరి. అచ్చట పక్షమునకు ఆరుగురు చొప్పున ఆడుదురు.

అమెరికా కళాశాలలలో క్రీడాజట్లు రెండు విధములు. మొదటిదానిని కళాశాలయే పోషించును. జీతముపై శిక్షకులను నియమించును. ప్రయాణపు ఖర్చు భరించును. రెండవది క్లబ్బు జట్టు. కళాశాల దానిని గుర్తించి, పేరు వాడుకొననిచ్చి, మైదానమును కొన్ని గంటలు ఇచ్చి, కొలదిపాటి సహాయము చేయును. మిగిలిన భారమంతయు విద్యార్థులదే. పురుషుల క్లబ్బు జట్లకు దేశవ్యాప్తమైన సంఘమొకటి కలదు. దానిలో వందకు పైగా కళాశాలల జట్లు రెండు తరగతులుగా చేరియున్నవి. ఏటేట జాతీయ పోటీలు జరుగును. స్త్రీల జట్లకును అట్టి సంఘము వేరుగా కలదు. ఇరువది యేండ్లయినను సరిగా నిండని పిల్లలు ఇంత పని ఎట్లు నడుపుదురో చూతము.

ప్రతి సంవత్సరమును సభ్యులు తమలోనుండి అధికారులను ఎన్నుకొందురు. అధ్యక్షుడు కళాశాల అధికారులతో మాటలాడును. కార్యదర్శి జాబులు వ్రాయును, ఆటల దినములు కుదుర్చును, సమావేశపు తీర్మానములను పుస్తకమున ఎక్కించును. కోశాధికారి చందాలు వసూలు చేసి జమాఖర్చులు వ్రాయును. మరియొకరు కర్రలు, బంతులు, తొడుగులు లెక్కపెట్టి భద్రపరచుదురు. వేరొకరు క్రొత్తగా చేరిన విద్యార్థులను కలిసికొని సంఘములోనికి ఆహ్వానింతురు. ఇచ్చట గమనింపవలసిన సంగతి యొకటి కలదు. మైదానమున జట్టునకు కెప్టెనుగా నుండువాడే అధ్యక్షుడు కానక్కరలేదు. బంతి చక్కగా కొట్టువానికి లెక్క వ్రాయు ఓపిక ఉండకపోవచ్చును. ఆటలో వెనుకబడినవాడు సంఘమునకు వెన్నెముక కావచ్చును.

మరియొక విచిత్రము. శిక్షకుని వెదకి కుదుర్చుకొనువారును, అతనికి జీతమిచ్చువారును పలు క్లబ్బులలో విద్యార్థులే. మైదానములో శిక్షకుడు చెప్పినట్లు వారు వినవలెను. వెలుపల అతని ఒడంబడికను వారే వ్రాయవలెను. ఒకే దినమున ఆజ్ఞకు లోబడుటయు, బాధ్యత వహించుటయు నేర్చుకొందురు.

ధనమే అన్నిటికంటె కష్టమైన భాగము. దూరపు ప్రయాణములు, రిఫరీల భత్యము, సంఘపు రుసుములు, భీమా మున్నగు ఖర్చులవలన ఒక్కొక్క సభ్యుని చందా పలు చోట్ల సంవత్సరమునకు వేయి డాలర్లు మించును. అంత ఇచ్చుకొనలేని విద్యార్థులు ఆ దేశమునను కలరు. అందుచేత జట్టువారు కలిసి చిన్న పనులు చేసియు, పూర్వ విద్యార్థులకు జాబులు వ్రాసియు ధనము కూర్తురు. చందాను వాయిదాలుగా చెల్లించుటకును కొన్ని క్లబ్బులు అనుమతించును. దెబ్బల భయమును తక్కువది కాదు. కనుక ఆటకు ముందే ప్రతివాడును తన ఆరోగ్యమును గూర్చిన పత్రము నింపవలెను. ప్రమాదము జరిగినచో ఎవరికి కబురు పంపవలెనో అందులో వ్రాయబడియుండును.

ఇన్నియు చేసినను క్లబ్బులు ఒక్కొక్కప్పుడు కూలిపోవుచుండును. కారణము సామాన్యముగా ఓటమి కాదు. సమర్థుడైన అధ్యక్షుడు చదువు ముగించి వెళ్లిపోవును. అతని తలలోనున్న సంగతులన్నియు అతనితోనే పోవును. మైదానమునకు అనుమతి ఎప్పుడు అడుగవలెనో, బంతులెచ్చట చౌకగా దొరకునో, ఏ కళాశాలకు బాకీ యున్నదో తరువాతివారికి తెలియదు. కాబట్టి మంచి క్లబ్బులలో చివరి సంవత్సరపు అధికారి తాను వెళ్లుటకు కొన్ని నెలల ముందే చిన్నవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పని నేర్పును, పుస్తకములు అప్పగించును.

ఇక మన గుంటూరు, ప్రకాశము సీమల సంగతి చూతము. దక్షిణదేశమున పాఠశాల క్రీడలకు క్రమమైన శిక్షణ నిచ్చినవారిలో హారీ క్రో బక్ దొరగారు ముఖ్యులు. వారు 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యాలయమును స్థాపించిరి. మన పిల్లలు ప్రేమించు వాలీబాలు కూడ 1895లో అమెరికాలోని హోల్యోక్ పట్టణపు వై.ఎం.సి.ఏ.లో విలియం మోర్గన్ కనిపెట్టినదే. ఒక వల, ఒక బంతి, రెండు గుంజలు ఉన్నచో ఊరంతయు ఆడవచ్చును.

అయితే మన నేలకును, మన పంటలకును తగినట్లు ఆటల పంచాంగము వ్రాసికొనవలెను. నల్లరేగడి నేల వానలలో కాలు పెట్టనీయదు. ఎండలలో నెరియలు విచ్చి కాలు మెలిపెట్టును. గనుక వానలు వెనుకబట్టిన పిమ్మట నేలను చదును చేయించుట మొదటి పని. పత్తి తీతల దినములలోను, మిరపకాయ కోతల దినములలోను సగము మంది పిల్లలు తలిదండ్రులతో చేలకు పోవుదురు. ఆ దినములలో పందెము పెట్టి, రానివారిని జట్టునుండి తీసివేయుట న్యాయము కాదు. కార్యదర్శి ముందుగా ఇంటింటి పరిస్థితి అడిగి తెలిసికొనవలెను. బాలికల జట్టు చీకటి పడకమునుపే ఇండ్లకు చేరునట్లు వేళలు నిర్ణయింపవలెను. ప్రయాణములో ఉపాధ్యాయురాలొకరు వెంట నుండవలెను.

లెక్క యెట్లు వేయవలెనో ఒక చిన్న ఉదాహరణము చెప్పెదను. 20 మంది సభ్యులు గల సంఘమున్నదనుకొందము. బంతులకు 1,500, వలకు 1,000, సున్నము, మందులు మున్నగువానికి 500, ప్రయాణములకు 3,000. మొత్తము 6,000 రూపాయలు. తలకు 300. వారిలో అయిదుగురు ఇచ్చుకొనలేరు. అప్పుడేమి చేయవలెను? వారిని తీసివేసినచో సంఘము సులభముగా నడచును గాని అది కలిగినవారి సంఘమగును. తక్కిన 15 మంది ఇచ్చినది 4,500, కొదువ 1,500. దానిని పాఠశాల వార్షికోత్సవమున అంగడి పెట్టియో, పూర్వ విద్యార్థులను అడిగియో కూర్చవలెను. ఆ అయిదుగురి పేర్లు కోశాధికారికిని, ఉపాధ్యాయునికిని తప్ప మరెవ్వరికిని తెలియరాదు. సున్నపు గీతలు గీయు పని వారికే అప్పగించుట కూడ తగదు. ఏలయన అది వారి పేదరికమును చాటించుటయే యగును. ఆ పని అందరును వంతులవారిగా చేయవలెను.

రశీదు విషయములో నాకు పట్టుదల హెచ్చని నా శిష్యులు నవ్వుకొందురు. దానికి కారణము కలదు. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో మాకు వాలీబాలు సంఘమొకటి యుండెను. కౌలురైతు కుమారుడైన నా స్నేహితుడు కోశాధికారి. అతడు అందరివద్దను చందాలు తీసికొని వల, బంతులు కొని తెచ్చెను. అంగడివారు రశీదు ఇయ్యలేదు, అతడు అడుగలేదు, మాలో ఎవ్వరును చూపుమనలేదు. సంవత్సరాంతమున లెక్క చూడగా మూడు వందల రూపాయలు తగ్గెను. అతనిని దొంగ యని ఎవ్వరును ఎదుట అనలేదు. కాని వసతిగృహములో గుసగుసలు బయలుదేరెను. అతడు ఇంటినుండి అప్పు తెప్పించి ఆ సొమ్ము పెట్టెలో పెట్టి, ఆ దినము మొదలు మైదానమునకు రాలేదు. అతడు నిర్దోషి యని నా మనస్సునకు తెలియును. కాని నిరూపించుటకు ఒక్క కాగితపు ముక్కయైనను లేకపోయెను. ఆ గుసగుసలు విని నోరు విప్పనివారిలో నేనును ఒకడను. ఆ సంగతి తలచుకొనినప్పుడెల్ల నేటికిని సిగ్గుపడుదును.

మిరప టిక్కీలు గుంటూరు యార్డునకు తోలిన రైతు కాటా చీటీ లేకుండ ఇంటికి వచ్చునా? అది వర్తకునిపై అనుమానముచేత మాత్రమే కాదు. రేపు ఇద్దరి మాటయు నిలుచుటకు. అట్లే రశీదు కోశాధికారిపై అపనమ్మకము కాదు. అది అతని గౌరవమునకు కంచె. చందా ఇచ్చినవాడు రశీదు అడుగవలెను. వస్తువు కొన్నవాడు రశీదు తేవలెను. నెలకొకసారి చిట్టాను అందరి యెదుట చదువవలెను. పెట్టెలోని సొమ్మును ఇద్దరు కలిసి లెక్కింపవలెను.

తలిదండ్రులారా! మీ బిడ్డ ఆటల సంఘమునకు కార్యదర్శి యైనాడని విని, చదువు పాడగునని భయపడకుడు. జాబు వ్రాయుట, మాట నిలుపుకొనుట, పరుల సొమ్ము కాపాడుట, తనకంటె చిన్నవానికి పని నేర్పుట — ఇవియు చదువే. పరీక్షల దినములలో మాత్రము పని తగ్గించుకొనుమని చెప్పుడు. ఉపాధ్యాయులకును ఒక మనవి. పిల్లలు చేయవలసిన పనిని మనమే చేసివేసినచో త్వరగా ముగియును గాని వారికేమియు రాదు. దగ్గర నిలిచి చూచుచు, తప్పినప్పుడు దిద్దవలెను.

విద్యార్థులారా! రాబోవు సంవత్సరము మీ సంఘమునకు ఎన్నికలు జరుగునపుడు, బంతి బాగుగా కొట్టువాడెవడని మాత్రమే చూడకుడు. చెప్పిన వేళకు వచ్చువాడెవడో, లెక్క దాచనివాడెవడో, పేదవానిని నొప్పింపక మాటలాడువాడెవడో చూచి ఎన్నుకొనుడు. ఎన్నుకొన్న పిమ్మట అతనిని ఒంటరిగా విడువకుడు. లెక్క సరిగా నున్నప్పుడు మెచ్చుకొనుడు. తప్పు కనబడినప్పుడు చాటున గుసగుసలాడక ఎదుట అడుగుడు.