డీజే నేర్చుకోవాలనుందా? వినైల్ టర్న్‌టేబుల్ కొనేముందు ఈ లెక్కలు చూసుకోండి!

ప్రకాశం జిల్లా సింగరాయకొండ వైపు డీజే అనగానే ముందు గుర్తొచ్చేది మనిషి కాదు, బండి. పెళ్లి ఊరేగింపైనా, వినాయక నిమజ్జనమైనా వ్యాన్ మీద నిలువెత్తు బాక్సులు, లైట్లు, వెనకాల జనరేటర్. 'డీజే పెట్టించారా?' అంటే బాక్సులు పెట్టించారా అనే అర్థం. నిజానికి డీజే అంటే డిస్క్ జాకీ. ఆ డిస్క్ తాతల కాలం నాటి గ్రామఫోన్ ప్లేటుకు తమ్ముడు. పేరు వినైల్ రికార్డ్. ఆ నల్ల ప్లేట్లను చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించే రీల్స్ చూసి, తామూ అలాగే నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసమే ఈ వివరాలు.

ముందే ఓ మాట. వినైల్ నేర్చుకుని ఊరేగింపు బండి ఎక్కేద్దాం అనుకుంటే కుదరదు. ప్లేటు మీద సన్నటి గాడిలో సూది నడుస్తుంటుంది. డీజే సూది మీద పడే బరువు సుమారు 3 గ్రాములే. బండి ఓ గుంతలో పడితే చాలు, సూది ఎగిరి ఇంకో చరణంలో పడుతుంది. బండి ఆగి ఉన్నా తిప్పలే. బేస్ బాక్సుల అదురు టర్న్‌టేబుల్‌కు తగులుతుంది. సూది ఆ అదురును కూడా పట్టుకుని మళ్లీ బాక్సులకే పంపిస్తుంది. ఇక పాట పోయి రొదే మిగులుతుంది. అందుకే బండి మీద ల్యాప్‌టాప్, కంట్రోలర్ వాడతారు. సీజన్‌లో నాలుగు రూపాయలు సంపాదించడమే లక్ష్యమైతే డబ్బు వాటి మీద పెట్టడమే మేలు.

మరి వినైల్ ఎందుకు? చెవి కోసం, చెయ్యి కోసం. ల్యాప్‌టాప్‌లో పాట వేగం స్క్రీన్ మీద అంకెల్లో కనిపిస్తుంది. సింక్ బటన్ నొక్కితే రెండు పాటల బీట్ దానంతట అదే కలుస్తుంది. వినైల్‌లో అంకె లేదు, బటన్ లేదు. విని కలపాల్సిందే. ఇలా నేర్చుకున్నవాళ్లకు రేపు ఏ మెషిన్ ముందు కూర్చున్నా పెద్దగా ఇబ్బంది ఉండదు.

ఏది కొనాలి? ఏది వద్దు?

డీజే టర్న్‌టేబుల్ అంటే ప్రపంచమంతా చెప్పే పేరు టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200. 1972లో ఇంట్లో పాటలు వినడానికని తెచ్చారు. డీజేలు ఎగరేసుకుపోయారు. 1979లో వచ్చిన ఎంకే2 మోడల్ క్లబ్బుల్లో పాతుకుపోయింది. 2010లో తయారీ ఆపేశారు. 2016లో ఎస్‌ఎల్-1200 పేరు మళ్లీ వచ్చింది. 2019లో డీజేల కోసమే ఎంకే7 దించారు. దీని ధర ఎక్కువే. ఆడియో-టెక్నికా, రీలూప్, పయనీర్ డీజే కంపెనీలు ఇంతకన్నా తక్కువ ధరలో కూడా మోడల్స్ ఇచ్చాయి.

పేరు కన్నా ముందు చూడాల్సింది 'డైరెక్ట్ డ్రైవ్' అవునా కాదా అన్నది. ఇందులో మోటార్ నేరుగా పళ్లేన్ని తిప్పుతుంది. చేత్తో రికార్డును ఆపి వదిలితే వెంటనే వేగం అందుకుంటుంది. బెల్ట్ డ్రైవ్‌లో మధ్యలో రబ్బరు బెల్టు ఉంటుంది. చెయ్యి పెడితే జారుతుంది, వదిలాక నింపాదిగా కదులుతుంది. ఇల్లు ముచ్చటగా కనిపించడానికి కొనే సూట్‌కేస్ ప్లేయర్లు డీజే పనికి అస్సలు పనికిరావు. వేగం మార్చే పిచ్ స్లైడర్ చాలావాటికి ఉండదు.

సెకండ్ హ్యాండ్ అయితే ఆన్ చేసి చూడకుండా డబ్బులివ్వద్దు. డీజే మోడల్స్‌లో పళ్లెం అంచున చుక్కలుంటాయి. పక్కనున్న ఎర్ర లైటులో ఒక వరస చుక్కలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. సూది ఉన్న చెయ్యి వదులుగా ఊగుతుంటే వదిలేయండి.

మొదట రెండు టర్న్‌టేబుల్స్ ఒకేసారి కొనాలని లేదు. ఒకటి కొని, రెండో పాట ఫోన్ నుంచి మిక్సర్‌కు ఇచ్చి కూడా సాధన చేయొచ్చు. మిక్సర్‌కు 'ఫోనో' ఇన్‌పుట్ మాత్రం ఉండాలి. సూది నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే బేస్ లేకుండా ఎక్కడో దూరంగా పాడినట్టు వినిపిస్తుంది. ఎర్త్ వైరు తగిలించడం మర్చిపోతే గుయ్‌మని ఒకటే మోత. పళ్లెం మీద రబ్బరు మ్యాట్ తీసేసి స్లిప్‌మ్యాట్ అనే పల్చటి గుడ్డ వేయాలి. అప్పుడే పళ్లెం కింద తిరుగుతున్నా రికార్డును చేత్తో ఆపగలరు.

బీట్ కలిపేది ఇలా

ఒక పాట బాక్సుల్లో నడుస్తుంటుంది. రెండోది హెడ్‌ఫోన్‌లో, ఒక చెవికే. రెండో పాట మొదటి దరువు దగ్గర రికార్డును వేలితో పట్టి ఉంచి, మొదటి పాట దరువు పడగానే వదలాలి. కాసేపటికి రెండూ విడిపోతాయి. ఏది ముందు పరుగెడుతోందో చెవే చెప్పాలి. దాన్నిబట్టి స్లైడర్ జరపాలి. నిమిషానికి 100 దరువుల పాటను 104 పాటతో కలపాలంటే 4 శాతం పెంచాలి. సాధారణంగా స్లైడర్ 8 శాతం వరకు అటూఇటూ వెళ్తుంది. అంటే 100 పాట 92 నుంచి 108 వరకు వస్తుంది. ఇక్కడో మెలిక ఉంది. వేగంతో పాటే శృతి కూడా మారుతుంది. 6 శాతం పెంచితే ఒకటి శృతి పాట దాదాపు ఒకటిన్నర శృతికి చేరుతుంది. డోలు దరువుకు పర్లేదు కానీ తెలిసిన గొంతు అలా పలికితే వినేవాళ్లు వెంటనే పట్టేస్తారు.

పాత తెలుగు సినిమా పాటలతో మొదలుపెట్టడం ఇంకా కష్టం. ఘంటసాల కాలంలో తబలా, ఢోలక్ మనుషులే వాయించారు. పాట మధ్యలో వేగం కొద్దిగా సాగుతుంది, తగ్గుతుంది. అది ఆ పాటల అందం, డీజేకి మాత్రం తలనొప్పి. మెషిన్ డ్రమ్స్ ఉన్న డ్యాన్స్ రికార్డులతో చెవి కుదురుకున్నాక ఇటు రావడం మంచిది.

స్క్రాచింగ్ ఆ తర్వాతి సంగతి. 1970ల మధ్యలో న్యూయార్క్‌లో గ్రాండ్ విజార్డ్ థియోడర్ అనే కుర్రాడు గట్టిగా పాటలు పెట్టుకుంటే వాళ్లమ్మ తిట్టిందని, రికార్డును చేత్తో పట్టి ఆపినప్పుడు ఆ చప్పుడు దొరికిందని చెబుతారు. అమ్మలు ఎక్కడైనా అమ్మలే!

చెవి పోతే అంతా పోయినట్టే

చెవి మీద ఆధారపడే పని ఇది. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు పరిమితిగా చెబుతారు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరకొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. ఇయర్ ప్లగ్స్ మొదటి రోజే కొనండి. బయట వాయించాలంటే అనుమతి తప్పనిసరి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లపై నిషేధం ఉంది.

రికార్డుల కోసం సింగరాయకొండలో రైలెక్కితే చెన్నై మూర్ మార్కెట్ ఉంది. పాత ప్లేట్లను లైటు కింద వంచి చూసి, గీతలు లేనివే తీసుకోండి. అటక మీద దొరికే 78 ఆర్‌పీఎం ప్లేట్లు వినైల్ కాదు, లక్కతో చేసినవి. వాటి గాడి వెడల్పు వేరు, సూది వేరు. పైగా పడితే పగిలిపోతాయి. ఇంటికి తెచ్చాక రికార్డులను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. మే నెలలో మాత్రం కారులో వదిలి వెళ్లొద్దు. ఆ వేడికి వంకర తిరిగిన ప్లేటు మళ్లీ సాపుగా రావడం కష్టం.